పులిసిన పిండి యజమాని

ఈస్టర్ ఆదివారం సాయంత్రం. దైవాశీర్వాదానికి కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎటు పోవాలో తోచడం లేదు. గదిలోంచి వెనక వరండాలోకి, వరండాలోంచి గదిలోకి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అడుగేసినప్పుడల్లా బెల్టుకి కట్టుకున్న తాళంచెవి టిక్కుమంటోంది. ఆ చప్పుడు వింటే ఒళ్ళు మంట. విప్పి పారేద్దామంటే మనసొప్పదు.

వరండా చివర బాయిలర్ ఉంది. దాని పక్కన పాత చెక్క బీరువా. ఆ తాళంచెవి ఆ బీరువాది, ఆ బీరువా అతనిది. అతనిదేనని ఇంట్లో వాళ్ళంతా అంటున్నారు. నిజంగా అతనిదేనా, లేకపోతే చదువుకున్న పిల్లలంతా కలిసి ఏడో తరగతి తప్పినవాణ్ణి కూర్చోబెట్టి ఆడిస్తున్న ఆటా? వారంరోజులుగా అతని బుర్రని తొలిచేస్తున్న పురుగు ఇదే.

అది న్యూజెర్సీలో, పిస్కాటవే పక్క ఊళ్ళో, మూడంతస్తుల పాత చెక్క ఇల్లు. యూదుల పిల్లలు కొంతమంది కలిసి ఉంటారు. పిల్లలంటే పాతికేళ్ళు దాటినవాళ్ళే. ఒకటే వంటిల్లు, ఒకటే బల్ల. వండే వంతు ఒకరిది, తోమే వంతు ఇంకొకరిది. ఎవరూ ఒంటరిగా తినకూడదన్నది ఆ ఇంటి కట్టు. మాంసం గిన్నెలు వేరు, పాలగిన్నెలు వేరు, రెండూ కలిస్తే మైల. ఊళ్ళో ఎవరెవరి మడి తనని వీధి అరుగు దగ్గరే ఆపిందో దైవాశీర్వాదం మర్చిపోయే రకం కాదు. ఆ గిన్నెలు చూసిన మొదటి రోజునే అనుకున్నాడు: ఏడు సముద్రాలు దాటొచ్చినా మడి నిన్ను వదల్లేదురా, అని.

అయినా ఉండిపోయాడు. పోవడానికి మరో చోటు లేదు. చెల్లెలు వసంతకుమారి నర్సుగా వచ్చి, సిటిజన్ అయి, అన్నని పిలిపించుకుంది. పిలిచింది ప్రేమతోనే. ఆమె మొగుడు జోసఫ్ మందుల కంపెనీలో కెమిస్టు. అతను బావగారిని బేస్‌మెంట్‌లో పెట్టాడు, పిల్లల్ని స్కూలుకి దింపించాడు, లాన్ కోయించాడు. ఇంటికి ఎవరైనా వస్తే "మా వైఫ్ వాళ్ళ బ్రదర్, మాతోనే ఉంటారు" అనేవాడు. పేరు చెప్పేవాడు కాదు. ఓ రోజు దైవాశీర్వాదం పెట్టె సర్దుకుని గడప దాటాడు. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని దొరికింది. లా చదువుకుంటూ అక్కడే వ్యాన్ నడిపే గడ్డం కుర్రాడు నఫ్తాలీ, మా ఇంట్లో వెనక గది ఖాళీగా ఉంది, వస్తావా అన్నాడు. వచ్చాడు.

ఆ సంవత్సరం ఈస్టరూ, వాళ్ళ పస్కా పండగా ఒకే వారంలో పడ్డాయి. పస్కా ఎనిమిది రోజులూ యూదుల సొత్తుగా పులిసిన పిండి పదార్థం ఉండకూడదు. రొట్టె, బిస్కట్లు, బీరు, చివరికి విస్కీ కూడా. పారెయ్యాలి, లేదా యూదుడు కాని మనిషికి అమ్మెయ్యాలి. ఇదివరకు పక్కింటి ఇటాలియన్ ముసలాయన కొనేవాడట. ఆయన ఫ్లోరిడా వెళ్ళిపోయాడు. దాంతో పండగ ముందురోజు అంతా కలిసి దైవాశీర్వాదాన్ని వంటింట్లోకి పిలిచారు.

"దైవా, ఇది మా కోసం చేసే ఉపకారం కాదు. బేరం" అన్నాడు నఫ్తాలీ. "నువ్వు కొంటున్నావు. నిజంగా కొంటున్నావు."

ఏమిస్తావని అడిగితే పర్సు మూల ఉండిపోయిన ఇండియా రూపాయి బిళ్ళ తీసి పెట్టాడు. అదే చాలన్నారు. ఒక చేతిరుమాలు చెరో కొసా పట్టుకుని ఎత్తారు, బేరం కుదిరిందన్న గుర్తుకి. ఇంట్లో ఉన్న సరుకంతా బీరువాలోకి చేరింది.

"ఈ విస్కీ అంతా నేను తాగేస్తే?" అన్నాడు దైవాశీర్వాదం, వాళ్ళని ఇరకాటంలో పెడదామని.

"నీ విస్కీ. తాగు."

"పండగయ్యాక తిరిగి అమ్మనంటే?"

నఫ్తాలీ గడ్డం గోక్కున్నాడు. "అప్పుడు మేం కొట్టుకెళ్ళి కొత్తవి కొనుక్కుంటాం. షరతులు పెట్టి అమ్మితే అది అమ్మకం కాదు."

అందరూ నవ్వారు. షిఫ్రా ఒక్కతే నవ్వలేదు. సన్నటి పిల్ల, స్కూల్లో బొమ్మలేయడం నేర్పుతుంది. దైవాశీర్వాదం ఆమెని 'షిఫ్రమ్మా' అంటే ముచ్చటపడి అందరికీ చెప్పుకునేది. అందరికన్నా ఆఖర్న వచ్చి, తువ్వాలు చుట్టిన గాజుసీసా ఒకటి రెండు చేతులతో కింది అరలో పెట్టి, ఏదో చెప్పబోయి నఫ్తాలీ వైపు చూసి, నోరు మూసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజునుంచీ షిఫ్రా వరండాలోకి రావడం మొదలుపెట్టింది. చీపురు కోసం ఒకసారి, ఎండబెట్టిన సాక్సు కోసం ఒకసారి. వస్తుంది, బీరువా వంక చూస్తుంది, దైవాశీర్వాదం కనబడితే చటుక్కున తల తిప్పుకుంటుంది. ఇవాళ పొద్దున కూడా వచ్చింది. సాక్సూ లేదు, చీపురూ లేదు. ఊరికే నిలబడి బీరువా తలుపు దగ్గర గాలి పీల్చి వెళ్ళిపోయింది.

'తాళం నాకిచ్చి, కాపలా నువ్వు కాస్తున్నావా' అనుకున్నాడు దైవాశీర్వాదం. 'తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నేను పాలూ తాగలేదు. ఇంతవరకు ఆ తలుపు తెరిచిన పాపాన పోలేదు. అయినా విస్కీ వాసన వస్తుందేమోనని చూసిపోతోంది.'

ఆ కోపంతోనే ఈస్టర్ ఆరాధనకి కూడా వెళ్ళలేదు. వెళ్తే అక్కడ జోసఫ్ ఉంటాడు. ఇంట్లో ఉంటే షిఫ్రా చూపులు. ఎటూ కాకుండా రోజంతా వరండాలో తిరిగాడు.

పొద్దు వాలుతుండగా ఇంటిముందు కారు హారన్ మోగింది. ఆ మోత ఎవరిదో అతనికి తెలుసు. కారు దిగకుండానే లోకాన్ని తప్పుకోమనే మోత.

"ఏంటన్నయ్యా, ఈస్టర్‌కి కూడా రావా?" వసంతకుమారి తెల్లచీరలోనే వచ్చింది. "పాస్టర్‌గారు నీ గురించి అడిగారు. నాకు తలెత్తుకోడం అవ్వలేదు."

"ఒంట్లో బాలేదే."

"మరి బానే తిరుగుతున్నారుగా, పోలీసు బీట్ లాగా" అన్నాడు జోసఫ్, సూటు గుండీ విప్పుకుంటూ. "పిల్లల్ని చర్చి వాళ్ళింట్లో డ్రాప్ చేసి ఇటొచ్చాం. బావగారూ, ఒక మాట. నాకు ప్రమోషన్ వచ్చింది, వసంతకి నైట్ డ్యూటీలు. పిల్లల్ని చూసే మనిషి కావాలి. బేస్‌మెంట్‌లో కార్పెట్ కూడా వేయించా. ప్యాక్ చేసుకోండి, ఇవాళే తీసుకెళ్తాం."

మనిషి కావాలి. మీరు కావాలి అనలేదు. దైవాశీర్వాదం జవాబు వెతుక్కునే లోపల నఫ్తాలీ వంటింటి తలుపు తీసుకుని వచ్చాడు.

"దైవా వాళ్ళ కుటుంబమా! రండి, రండి. బల్ల మీద చోటుంది."

"లేదు, జస్ట్ వెళ్ళిపోతాం" అన్నాడు జోసఫ్.

"ఈ ఇంట్లో ఎవరూ తినకుండా వెళ్ళరు, ఎవరూ ఒంటరిగా తినరు. మీ బావగారు చెప్పలేదా?"

అలా అనుకోకుండా అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. మిగతావాళ్ళు ఊరికి పోవడంతో ఇంటివాళ్ళలో నఫ్తాలీ, షిఫ్రా ఇద్దరే ఉన్నారు. కోడిసూప్, ఉడికించిన బంగాళాదుంపలు, పులియని రొట్టె. జోసఫ్ ఆ రొట్టె ముక్క విరిచి నోట్లో పెట్టుకుని తెలుగులో అన్నాడు: "అప్పడంలా ఉంది. వేయించడం మర్చిపోయారు."

వసంత కిసుక్కున నవ్వి, మొగుడి మోచెయ్యి గిల్లింది. దైవాశీర్వాదం నవ్వలేదు. కుర్చీలో అటూ ఇటూ కదులుతున్నాడు. కదిలినప్పుడల్లా తాళంచెవి కుర్చీకి తగులుతోంది.

"ఆ కీ ఏంటి బావగారూ? ఇల్లు మీ పేర రాసేశారా?"

చెప్పక తప్పలేదు. రుమాలు, రూపాయి, బీరువా, అంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ తన గొంతు తనకే చిన్నపిల్లాడి గొంతులా వినిపించింది. జోసఫ్ విని విని, సూప్ పొలమారేటట్టు నవ్వాడు.

"దీన్ని ఇంగ్లీషులో మేక్ బిలీవ్ అంటారు బావగారూ. పెళ్ళాట. వీళ్ళ రూల్ వీళ్ళు దాటడానికి మీ పేరు అడ్డం పెట్టుకున్నారు. పొలంలో దిష్టిబొమ్మకి చొక్కా వేస్తారు చూడండి, ఆ చొక్కా దానిదనుకుంటుందా అది?"

"ఏవండీ" అంది వసంత.

"తాళం నా దగ్గరుంది బావా" అన్నాడు దైవాశీర్వాదం.

"ఉంటే తెరవండి. ఓనర్ కదా, చెల్లెలు మొగుడొచ్చాడు, ఒక గ్లాసు పోయండి. పోస్తే మీదే. పొయ్యకపోతే ఇప్పుడే వెళ్ళి పెట్టె సర్దుకోండి. అక్కడ మీ మేనల్లుళ్ళైనా నిజంగా మీవాళ్ళు."

మాట తెలుగులోదే అయినా అందులో గీసిన గీత బల్లకి అవతలున్నవాళ్ళకి కూడా కనిపించినట్టుంది. నఫ్తాలీ చెంచా కిందపెట్టాడు. దైవాశీర్వాదం లేచాడు. అతను లేవగానే షిఫ్రా కూడా లేచి నిలబడింది.

చూశావా, అనుకున్నాడు అతను. లేచింది! దొంగ లేస్తే కాపలావాడు లేచినట్టు. అయితే ఇవాళ నీ ముందే తెరుస్తాను. నీ ముందే పోస్తాను. ఆపు, ఆపితే ఆటేనని తేలిపోతుంది. పెట్టె సర్దుకోడానికి నాకెంతసేపు?

విసవిసా వరండాలోకి నడిచాడు. మొదటిసారి తాళంచెవి తిరగలేదు. మళ్ళీ తిప్పాడు. తలుపు కిర్రుమంది. విస్కీ సీసా ఎదురుగానే ఉంది, మూతకి సీలు కూడా ఊడలేదు. దాని మెడ పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

లోపల్నుంచి వాసన వచ్చింది. విస్కీది కాదు. పుల్లగా, ఘాటుగా, ముంతలో మిగిలిపోయి ఎండకి కాగిన కల్లులా.

వెనకాలే వచ్చిన వసంత ముక్కుతో పట్టేసింది. "ఏంటన్నయ్యా, ఏదో పులిసి చచ్చినట్టుంది."

కింది అరలో తువ్వాలు తడిసి, ఎండి, సీసాకి అంటుకుపోయి ఉంది. ఊడదీసి బాయిలర్ మీది దీపం కింద పెట్టారు. లోపల అడుగున బూడిదరంగు ముద్ద, పైన ముదురు గోధుమ రంగు నీళ్ళు. వసంత మూత తీసి, వేలు ముంచి, నాలిక కొసకి రాసుకుని ఉమ్మేసింది.

"పిండి. పులిపిండి. అమ్మ అట్లపిండి కుండలో గరిటెడు మిగిల్చి దాచేది చూడు, తర్వాత రుబ్బేదాన్లో కలపడానికి. నువ్వోసారి కుండ మొత్తం కడిగేస్తే పొయ్యిలో కర్రుచ్చుకుని వీధి చివరిదాకా తరిమింది. అలాంటిదే ఇదీను. తిండి పెట్టక మాడ్చేశారు. పైగా బాయిలర్ పక్కన! ఇంకొన్నాళ్ళుంటే చచ్చూరుకుంటుంది."

"పారెయ్యండి ఆ కంపు" అన్నాడు జోసఫ్, వంటింటి గుమ్మం దగ్గర్నుంచి ముక్కు మూసుకుని.

దైవాశీర్వాదం తలెత్తాడు. గుమ్మం అవతల షిఫ్రా నిలబడి ఉంది. ఆమె కళ్ళు అతని మీద లేవు. విస్కీ సీసా మీద లేవు. ఆ కళ్ళు గాజుసీసా మీదున్నాయి, ఆస్పత్రి తలుపు అద్దంలోంచి మంచం వైపు చూసేవాళ్ళ కళ్ళలా. చీపుర్లూ సాక్సులూ పొద్దున గాలి పీల్చడమూ, అన్నీ ఒక్కసారిగా అతనికి మరోలా అర్థమయ్యాయి.

"షిఫ్రమ్మా, ఇది నీదా?" అన్నాడు, వచ్చిన ఇంగ్లీషులో.

"కాదు. మీది."

"అది తెలుసమ్మా. ఇదివరకు ఎవరిది?"

ఆమె పెదవి కొరుక్కుంది. జవాబు నఫ్తాలీ ఇచ్చాడు. "వాళ్ళ అమ్మమ్మది. రొట్టెలు పులియబెట్టే తోడుపిండి. పోలండ్ నుంచి ఓడలో వచ్చినప్పుడు ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందట. తర్వాత వాళ్ళమ్మది, తర్వాత ఈమెది. ఇదివరకు కొన్న ముసలాయన తన వంటకని ఫ్రిజ్‌లో పెట్టుకునేవాడు, పిండి వేసేవాడు. ఆయనకీ ఎవరూ చెప్పలేదు, ఆయనంతట ఆయనే చేసేవాడు."

"నాకొక్క మాట చెప్తే ఏం పోయింది? వారంరోజులు ఈ పక్క గదిలోనే పడున్నా కదా!" దైవాశీర్వాదం గొంతు లేచింది. "కళ్ళముందు చస్తుంటే చూస్తూ ఊరుకుంటావా? నోరు విప్పవా?"

షిఫ్రా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ గొంతు తొణకలేదు. "నాది కానిదాని గురించి మీకు పురమాయించడానికి నేనెవర్ని? పిండి వెయ్యమని నేనడిగితే, నేను అమ్మనట్టే. రుమాలెత్తి అబద్ధమాడినట్టే. మీరు పారేస్తానన్నా నేను ఆపను."

 పక్కన బాయిలర్ గురగురమంటోంది.

దైవాశీర్వాదానికి విస్కీ సీసా ఇంకా చేతిలోనే ఉన్న సంగతి అప్పుడు తెలిసింది. తన బతుకులో తనకి ఇచ్చామన్నవన్నీ వెనక దారం కట్టి ఇచ్చినవే. ఉండు, కానీ పిల్లల్ని చూసుకో. కూర్చో, కానీ అరుగు కింద. ఈ పిల్ల అమ్మమ్మ ప్రాణంలాంటిది తీసుకొచ్చి అతని చేతిలో పెట్టి, దారం తెంపేసి, అది చచ్చిపోతున్నా దారం కోసం చెయ్యి చాపలేదు. ఇంత గట్టిగా అతన్ని ఎవరూ యజమాని అనలేదు.

సీసాని జోసఫ్ చేతిలో పెట్టాడు. "నా విస్కీ బావా. కావల్సినంత తాగు. గ్లాసు నా గదిలోది తీసుకో, వాళ్ళ వంటింట్లోది ముట్టుకోకు." తర్వాత చెల్లెలి వైపు తిరిగాడు. "పిండి కూడా నాదే, పై అరలో ఉంది. ఏం చేద్దామే దీన్ని?"

వసంత అప్పటికే కొంగు బొడ్లో దోపేసింది. సీసాతో, పిండి సంచితో అన్నాచెల్లెళ్ళిద్దరూ వెనక గదిలోకి వెళ్ళారు. పైనీళ్ళు వంపేసింది, చెడిన పైపొర తీసేసింది, అడుగున బతికున్న ముద్దలో గోరువెచ్చని నీళ్ళూ పిండీ పోసి కలిపింది. కలుపుతూ తిడుతూనే ఉంది, అన్నని, బాయిలర్‌ని, అందరినీ. పిండి ముద్ద కదలకుండా పడుంది. దైవాశీర్వాదం కూర్చోలేకపోయాడు. కిటికీ దగ్గరికీ సీసా దగ్గరికీ తిరిగాడు. మూత తీసి చూశాడు.

"ఊరికే కెలక్కన్నయ్యా! ప్రసవం గది ముందు మొగాడిలా ఆ తిరుగుడేంటి?"

"లేస్తుందంటావా?"

"నర్సుని. చావుబతుకుల గురించి ముందే మాటివ్వను."

ఈలోగా అడుగు ముద్దలోంచి కొంచెం వేరు చేసి, ఇంకాస్త పిండీ నీళ్ళూ కలిపి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా తరిగి వేసి, అతని కరెంటు పొయ్యి మీద అట్లు పోసింది. పుల్లటి వాసన గదంతా కమ్ముకుంది. జోసఫ్ కాసేపు మంచం అంచున బిగుసుకుని కూర్చుని, గ్లాసు ఒక చేత్తో పట్టుకునే, రెండో చేత్తో అట్టు తుంపాడు. ఇంకోటి అడిగాడు.  అడిగినందుకు దైవాశీర్వాదానికి కాస్త హాయిగానే అనిపించింది.

రెండో వాయి దించేటప్పటికి వసంత "ఇటు చూడు" అంది. సీసా గోడకి ఒక బుడగ. చిన్నది. చూస్తుండగానే పగిలి, దాని పక్కన ఇంకోటి పుట్టింది.

వెళ్ళేముందు ఖాళీ పచ్చడిసీసా కడిగి, అందులో రెండు గరిటెల పిండి వేసి చెల్లెలికిచ్చాడు. "ఇంటికి తీసుకుపో. పోషించుకో."

"మరి ప్యాకింగ్?" అన్నాడు జోసఫ్, కారు తలుపు దగ్గర. ఈసారి గొంతులో హారన్ లేదు.

"పిల్లలు కావాలంటే శనివారం వస్తా బావా, మేనమామలా వస్తా. కాపురానికి రాను. తాళం నా దగ్గరుంది."

"పండగయ్యాక తిరిగిచ్చేస్తారుగా?"

"ఇవ్వను. అమ్ముతా. అమ్ముతానో లేదో కూడా ఆలోచించుకోవాలి."

షిఫ్రా ముందు మెట్ల మీద నిలబడి ఉంది. వసంత ఒళ్ళో పచ్చడిసీసా ఆమె కంట పడింది. అమ్మమ్మ ఒళ్ళో ఓడలో వచ్చింది, ఎవరో తెల్లచీర మనిషి ఒళ్ళో కారులో పోతోంది. షిఫ్రా చెయ్యి మెట్ల కమ్మీని గట్టిగా పట్టుకోవడం దైవాశీర్వాదం చూశాడు. ఆపుతుందేమోనని చూశాడు. ఆపాలని అతని మనసులో ఒక మూల పాత చేదు కాచుకుని ఉంది కూడా.

ఆమె మెట్లు దిగి కారు అద్దం దగ్గరికి వంగింది.

"మూత మరీ బిగించకండి" అంది వసంతతో. "పొంగితే సీసా పగులుతుంది."

వసంత మూత అర చుట్టు వదులు చేసింది. కారు కదిలింది. దైవాశీర్వాదం తన గదిలోకి వెళ్ళి, తన సీసా మూత కూడా కాస్త వదులు చేసి, బాయిలర్‌కి దూరంగా కిటికీ పక్కన పెట్టుకున్నాడు.